‘నిరోధక క్లోన్’ దేనికి నిరోధకం? జామాయిల్ కాంకర్ పరిశోధనపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
యూకలిప్టస్ తోటల్లో శిలీంధ్రాల వల్ల వచ్చే కాంకర్ తెగుళ్లపై దాదాపు అర్ధశతాబ్దిగా పరిశోధన జరుగుతున్నది. ఆ పరిశోధన నుంచి వెలువడిన ‘తెగులు నిరోధక క్లోన్’ అనే మాట ప్రయోగశాల దాటి నర్సరీ దాకా, నర్సరీ దాటి రైతు దాకా ప్రయాణించింది. ఈ ప్రయాణంలో ఆ మాటకు ఉండవలసిన షరతులన్నీ రాలిపోయాయని ఈ వ్యాసం వాదిస్తుంది. బ్రెజిల్, దక్షిణాఫ్రికా, కేరళ అనుభవాల ఆధారంగా నిరోధకతను కొలిచే పద్ధతిలోని లోపాలనూ, తెగులు పేర్ల విషయంలో తెలుగులో కొనసాగుతున్న అస్పష్టతనూ పరిశీలిస్తుంది.

కీలకపదాలు: యూకలిప్టస్, జామాయిల్, కాంకర్, క్రైసోపోర్తె, నిరోధకత, సహనశీలత, క్లోన్, ఇనాక్యులేషన్, పరిభాష.

1. ప్రవేశిక

కొన్నేళ్ల కిందట ఒక పరిశోధక విద్యార్థి తన ప్రతిపాదనను చర్చకు తెచ్చాడు. శీర్షికలో ‘తెగులు నిరోధక జామాయిల్ క్లోన్లు’ అని ఉంది. ఏ తెగులుకు నిరోధకం అని అడిగాను. అతడు కాసేపు ఆలోచించి, “అన్నిటికీ సార్, క్లోన్ కదా” అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. తర్వాత ఆలోచిస్తే అది నవ్వవలసిన సమాధానం కాదనిపించింది. ఆ విద్యార్థి చదివిన కరపత్రాల్లో, అతనికి పాఠం చెప్పినవారి నోట్సుల్లో ఆ మాట అలాగే ఉంది. కర్తా కర్మా లేని విశేషణంగా ‘నిరోధక’ అనే పదం అక్కడ స్థిరపడిపోయింది.

ఇది వట్టి భాషాదోషమైతే ఇంత చర్చ అక్కరలేదు. జామాయిల్ వేసే రైతు ఒక్కసారి మొక్క నాటితే నాలుగైదేళ్లు ఆ నిర్ణయానికి కట్టుబడి ఉంటాడు. కోత తర్వాత మోడు నుంచి వచ్చే పిలకలను పెంచి రెండో కోత, మూడో కోత కూడా తీసుకుంటాడు గనుక ఆ బంధం పదేళ్లు దాటవచ్చు. వరిలో ఒక రకం దెబ్బతింటే వచ్చే కారుకు విత్తనం మార్చవచ్చు. చెట్టు విషయంలో ఆ వెసులుబాటు లేదు. పైగా క్లోన్ అంటే ఒకే చెట్టుకు లక్షల నకళ్లు. అందులో ఒక చెట్టును చంపగల శిలీంధ్రానికి, వాతావరణం అనుకూలిస్తే, తోట మొత్తం తెరిచిన తలుపే. కాబట్టి ‘నిరోధక’ అనే మూడు నాలుగు అక్షరాల మీద రైతు పెట్టే నమ్మకం చిన్నది కాదు. ఆ నమ్మకానికి శాస్త్రం ఇచ్చిన ఆధారం ఎంత, ఇవ్వని ఆధారం ఎంత అన్నదే ఈ వ్యాసం పరిశీలించే విషయం.

2. పేరులోనే పేచీ

‘కాంకర్’ అనే మాటకు తెలుగులో స్థిరమైన సమానార్థకం లేదు. నిమ్మజాతి మొక్కల్లో ఈ పేరుతో వచ్చే వ్యాధిని మన వ్యవసాయ సాహిత్యం ‘గజ్జి తెగులు’ అన్నది. అక్కడ ఆ పేరు చక్కగా కుదిరింది. ఆకుల మీద, కాయల మీద గరుకైన మచ్చలు గజ్జి పొక్కుల్లాగే ఉంటాయి. అయితే నిమ్మ గజ్జికి కారణం శాంథోమోనాస్ అనే బాక్టీరియా. యూకలిప్టస్ కాంకర్‌కు కారణాలు శిలీంధ్రాలు. అక్కడ దెబ్బతినేది ఆకూ కాయా కాదు, కాండం బెరడు; బెరడు కింద పోషక కణజాలం, ఆ కింద కాండాన్ని లావెక్కించే విభాజ్య కణాల పొర. నిఘంటువు చూసి ‘యూకలిప్టస్ గజ్జి తెగులు’ అని అనువదిస్తే చదివినవాడు ఆకుల మీద మచ్చలు వెతుకుతాడు, బాక్టీరియా మందు అడుగుతాడు. ‘బంక తెగులు’ అన్నా చిక్కే. యూకలిప్టస్ కాండం ఏ గాయానికైనా ఎర్రటి కినో రసాన్ని స్రవిస్తుంది. బంక కారడం ఒక్కటే శిలీంధ్రానికి గుర్తు కాజాలదు. ‘కాండపు పుండు తెగులు’ అనే వర్ణనాత్మక పదబంధం కొంత మేలు. ఈ వ్యాసంలో దానినీ, ‘కాంకర్’ అనే మాటనూ కలిపి వాడుతున్నాను.

అసలు చిక్కు ‘నిరోధకత’ దగ్గర ఉంది. చెట్టు శిలీంధ్రాన్ని లోపలికి రానీయకపోవడం ఒకటి. వచ్చిన శిలీంధ్రాన్ని కొద్ది మేర కణజాలంలో బంధించి, చుట్టూ కొత్త రక్షక బెరడు కట్టుకోవడం మరొకటి. పుండు పెరుగుతున్నా దాని అంచుల్లో కొత్త కణజాలాన్ని పెంచుకుంటూ, ఎత్తూ చుట్టుకొలతా కోల్పోకుండా బతకడం ఇంకొకటి. దీన్ని సహనశీలత అనాలి. శిలీంధ్రమే అటు రాకపోవడం వల్ల చెట్టు బాగుండడం పూర్తిగా వేరే సంగతి. అది తప్పించుకోవడం, అదృష్టం. ఈ నాలుగింటినీ పరిశోధక వ్యాసాలు సూత్రప్రాయంగా వేరుచేస్తాయి. తెలుగులోకి వచ్చేసరికి నాలుగూ ‘తెగులును తట్టుకుంటుంది’ అనే ఒక్క క్రియలో కలిసిపోతాయి. ‘తట్టుకోవడం’ నిజానికి సహనశీలతకు అందమైన తెలుగు మాట. దాన్ని నిరోధకతకు పర్యాయపదంగా వాడి రెంటికీ అన్యాయం చేశాం. సహనశీలమైన చెట్టు యజమానికి లాభమే ఇస్తుంది గాని, దాని పుండు మీద సిద్ధబీజాలు పుడుతూనే ఉంటాయి. పక్క పొలంలోని బలహీనమైన క్లోన్‌కు అదే తెగులు మూలం. నిరోధక చెట్టుకూ సహనశీల చెట్టుకూ ఉన్న ఈ తేడా రెండు పొలాల మధ్య గట్టు మీద తెలుస్తుంది, ఒక్క తోటలోనే కొలిస్తే తెలియదు.

3. ఏ శిలీంధ్రం?

యూకలిప్టస్ కాంకర్ ఒక వ్యాధి కాదు, వ్యాధుల గుంపు. వాటిలో అత్యంత ప్రసిద్ధమైనదాని పేర్ల చరిత్రే ఒక హెచ్చరిక. 1917లో క్యూబా నుంచి డయపోర్తె క్యూబెన్సిస్ అనే పేరుతో ఒక శిలీంధ్రాన్ని వర్ణించారు. 1980లో చార్లెస్ హోజెస్ దాన్ని క్రైఫోనెక్ట్రియా ప్రజాతిలోకి మార్చాడు. అమెరికాలో చెస్ట్‌నట్ వృక్షాలను ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో తుడిచిపెట్టిన శిలీంధ్రం ఉన్న ప్రజాతి అది. 1986లో హోజెస్, బ్రెజిల్ శాస్త్రవేత్తలు అల్ఫెనాస్, ఫెరేరా కలిసి, లవంగ చెట్లను ఆశించే ఎండోథియా యూజీనియే అనే శిలీంధ్రమూ ఇదీ ఒకటేనని చూపారు. 2004లో క్రైసోపోర్తె అనే కొత్త ప్రజాతి ఏర్పడింది. దక్షిణాఫ్రికాలో 1989 నుంచి క్రైఫోనెక్ట్రియా క్యూబెన్సిస్ అని పిలుస్తున్నది వేరే జాతి అని తేలి, క్రైసోపోర్తె ఆస్ట్రోఆఫ్రికానా అయింది. 2010లో ఆసియా, తూర్పు ఆఫ్రికా నమూనాలు కూడా వేరని తేల్చి క్రైసోపోర్తె డ్యూటెరోక్యూబెన్సిస్ అన్నారు.

వర్గీకరణ శాస్త్రజ్ఞుల పేర్ల మార్పిడి అని దీన్ని పక్కన పెట్టేవారున్నారు. నాకు అలా తోచదు. 2004కు ముందు ‘క్రైఫోనెక్ట్రియా క్యూబెన్సిస్‌కు నిరోధకం’ అని రాసిన ప్రతి వాక్యం కనీసం మూడు వేర్వేరు జీవులలో ఏదో ఒకదాన్ని గురించి చెప్పింది. ఏదో ఆ వాక్యంలో లేదు. బ్రెజిల్‌లో పరీక్షించిన క్లోన్‌ను ఆ మాట మీద ఆఫ్రికాకో ఆసియాకో తెస్తే, ఒక శత్రువును ఎదుర్కొన్న సైనికుణ్ణి అదే పేరున్న మరో శత్రువు ముందు నిలబెట్టినట్టే. పేరు మారక ముందే దక్షిణాఫ్రికా పరిశోధకులు తేడాలు గమనించారన్నది ఇక్కడ గుర్తుంచుకోదగిన సంగతి. అక్కడ పుండ్లు ఎక్కువగా కాండం మొదట్లోనే వచ్చేవి, లేత చెట్లు చనిపోయేవి, బెరడు మీద ఎక్కువగా అలైంగిక ఫలనాంగాలే కనిపించేవి. క్షేత్రంలో జాగ్రత్తగా చూసిన కన్ను అనుమానించిన దానిని డీఎన్ఏ తరవాత రుజువు చేసింది.

మరో తెగులు కథ ఇంకా సూటిగా ఉంటుంది. 1980ల చివర దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్ ప్రాంతంలో, ఒకే ఒక్క యూకలిప్టస్ గ్రాండిస్ క్లోన్ మీద చిన్న చిన్న గుండ్రటి పుండ్లు కనిపించాయి. అవి కలిసిపోయి కాండమంతా నల్లబడి పగిలేది. ఆ శిలీంధ్రానికి 1997లో కోనియోథైరియమ్ జులుయెన్సె అని పేరు పెట్టారు. ఇప్పుడు టెరటోస్ఫేరియా జులుయెన్సిస్ అంటున్నారు. ఒక క్లోన్‌లో మొదలైనది తరవాత అనేక క్లోన్లకు, సంకరాలకు పాకింది. ఇతర దేశాల్లోనూ బయటపడింది. ఆ క్లోన్‌ను ఎన్నుకున్ననాడు ఆ శిలీంధ్రం ఎవరి జాబితాలోనూ లేదు. లేని శత్రువుకు నిరోధకతను పరీక్షించడం ఎవరి తరమూ కాదు. ఈ పరిమితి ఎవరి తప్పూ కాదు. కాని ‘నిరోధక’ అనే విశేషణం ఈ పరిమితిని కప్పిపుచ్చుతుంది.

4. బ్రెజిల్: విజయగాథను తిరిగి చదవడం

కాంకర్ నిరోధకతను ప్రస్తావించే ప్రతి పాఠ్యాంశమూ బ్రెజిల్ నుంచే మొదలవుతుంది. 1970ల తొలినాళ్లలో ఎస్పిరితు శాంతు రాష్ట్రపు తీరప్రాంతంలో గ్రాండిస్, సాలిగ్నా జాతుల తోటలు ఈ తెగులుకు ఘోరంగా దెబ్బతిన్నాయి. వేడి, తేమ రెండూ నిండుగా ఉన్న ఆ తీరం శిలీంధ్రానికి పుట్టింటి వంటిది. అరాక్రూజ్ సంస్థ అటవీ శాస్త్రజ్ఞులు తెగులు సోకిన తోటల్లోనే ఆరోగ్యంగా, ఏపుగా నిలిచిన చెట్లను గుర్తించారు. వాటిని నరికి, మోడు నుంచి వచ్చిన లేత పిలకలను కత్తిరించి వేళ్లు పట్టించారు. 1970ల చివరికల్లా ఈ పద్ధతి వాణిజ్య స్థాయికి చేరింది. తిమోర్ ద్వీపం, దాని పరిసర ద్వీపాల నుంచి వచ్చిన యూరోఫిల్లా జాతి ఈ తెగులుకు చాలావరకు తట్టుకున్నది గనుక, దాన్ని గ్రాండిస్‌తో సంకరపరచారు. ‘యూరోగ్రాండిస్’ అనే ఆ సంకరం నేడు ఉష్ణమండల కాగితపు గుజ్జు పరిశ్రమకు వెన్నెముక. ఈ కృషికి 1984లో మార్కస్ వాలెన్‌బర్గ్ బహుమతి వచ్చింది.

ఈ కథను సాధారణంగా ‘క్లోనింగ్ కాంకర్‌ను జయించింది’ అని చెబుతారు. నా దృష్టిలో ఇందులో రెండు వేరు పనులు కలగలిసి ఉన్నాయి. నిరోధకతను ఇచ్చింది క్లోనింగ్ కాదు. జాతుల మధ్య, ఒక జాతిలోని చెట్ల మధ్య అప్పటికే ఉన్న జన్యు వైవిధ్యం. క్లోనింగ్ చేసింది, దొరికిన గుణాన్ని చెదరకుండా నకలు తీయడం. వైవిధ్యం లేకుంటే నకలు తీయడానికి ఏమీ ఉండేది కాదు. ఈ తేడాను మరిచిన తరవాతి అనుకరణలు కొన్ని నకలు తీసే యంత్రాన్ని దిగుమతి చేసుకుని, వైవిధ్యాన్ని వదిలేశాయి.

ఇంకో విషయం. తెగులు సోకిన తోటలో ఆరోగ్యంగా నిలిచిన చెట్టు నిరోధకమని వెంటనే అనలేం. అది తప్పించుకున్నదీ కావచ్చు. బ్రెజిల్ పని గొప్పదనం అంతా ఈ అనుమానాన్ని తీర్చే పద్ధతిలో ఉందని నా అభిప్రాయం. ఒక చెట్టును వందల నకళ్లుగా చేసి, తెగులు తీవ్రంగా ఉన్న వేర్వేరు చోట్ల మళ్లీ నాటితే, అదృష్టం వల్ల బతికినది అన్ని చోట్లా అదృష్టవంతం కాలేదు. క్లోన్ అనేది ఇక్కడ ఉత్పత్తి సాధనం కంటే ముందు ఒక ప్రయోగ సాధనం. దురదృష్టవశాత్తు మన పాఠాల్లో ఈ భాగమే కనిపించదు. హెక్టారుకు ఎన్ని ఘనపు మీటర్ల కలప వచ్చిందన్నది మాత్రం తప్పకుండా ఉంటుంది.

కథ అక్కడ ఆగనూ లేదు. 1990ల చివరలో బాహియా రాష్ట్రంలో క్లోన్ తోటలు కొన్ని సెరటోసిస్టిస్ అనే శిలీంధ్రం వల్ల నిలువునా వాడిపోవడం మొదలైంది. అది కాండంలోని దారువు నాళాల్లోకి పాకే తెగులు. కాంకర్‌కు ఎన్నుకున్న గుణం దానికి హామీ కాదు. కత్తిరింపు పరికరాల ద్వారా, సోకిన తల్లిమొక్కల ద్వారా అది ప్రయాణించగలదు. అంటే కాంకర్‌కు పరిష్కారంగా వచ్చిన కత్తిరింపు పద్ధతే మరో తెగులుకు బాట వేయగలదు.

5. కార్క్ బోరర్ ఏం కొలుస్తుంది?

ఇప్పుడు ప్రయోగ పద్ధతిలోకి వద్దాం. కాంకర్ నిరోధకతపై వచ్చే వ్యాసాల్లో అత్యధికం ఒకే పద్ధతి మీద నడుస్తాయి. గుండ్రటి పదునైన గొట్టం, అంటే కార్క్ బోరర్‌తో, బెరడు నుంచి చిన్న బిళ్లను కోసి తీస్తారు. అడుగున విభాజ్య కణాల పొర బయటపడుతుంది. శిలీంధ్రం పెరిగిన అగార్ బిళ్లను శిలీంధ్రం లోపలి వైపు ఉండేలా ఆ గుంతలో పెట్టి టేపు చుడతారు. పోల్చడానికి కొన్ని చెట్లలో వట్టి అగార్ బిళ్ల పెడతారు. కొన్ని వారాల తరవాత బెరడు గీకి, చనిపోయిన కణజాలపు పొడవును మిల్లీమీటర్లలో కొలుస్తారు. పొడవు తక్కువైతే నిరోధకం, ఎక్కువైతే లోనయ్యేది.

ఈ పద్ధతి సులభం, చవక, పునరావృతం చేయదగినది. ఒక్క రోజులో వందల చెట్లు పరీక్షించవచ్చు. అందుకే నిలబడింది; దీన్ని వదిలేయమని నేను అనడం లేదు. అయితే ఇది ఏ ప్రశ్నకు సమాధానమిస్తుందో గమనించాలి. బోరర్ మొదటి పనిగా బెరడును తొలగిస్తుంది. చెట్టుకున్న మొదటి కోట అదే. తోటలో శిలీంధ్రం చాలావరకు గాయాల ద్వారా, కాండం మొదట్లో పెరుగుదల వల్ల ఏర్పడే పగుళ్ల ద్వారా ప్రవేశిస్తుంది. ఒక క్లోన్ బెరడు తక్కువగా పగలడం, లేదా గాయం త్వరగా మానడం వల్ల తోటలో తెగులు తక్కువగా ఉండవచ్చు. బోరర్ పరీక్షలో ఆ క్లోన్‌కు ఒక్క మార్కూ రాదు. కోట గోడను మనమే కూల్చి, లోపలి సైన్యాన్ని మాత్రమే లెక్కపెట్టి, కోట బలం ఇంత అని చెప్పడం ఇది.

రెండోది, పొడవు. చెట్టును చంపేది పుండు పొడవు కాదు, అడ్డంగా చుట్టుకోవడం. కాండం చుట్టూ పోషక కణజాలం తెగితే వేళ్లకు ఆహారం అందదు. ఒక చిన్న లెక్క చూద్దాం. నాలుగు సెంటీమీటర్ల వ్యాసమున్న లేత కాండం చుట్టుకొలత పన్నెండున్నర సెంటీమీటర్లు. అందులో నాలుగు సెంటీమీటర్ల వెడల్పు పుండు దాదాపు మూడో వంతు. పది సెంటీమీటర్ల వ్యాసమున్న కాండానికి అదే పుండు ఎనిమిదో వంతు మాత్రమే. పుండు ఒకటే, చెట్టు గతి రెండు రకాలు. చుట్టుకొలతలో ఎంత భాగం పోయిందన్నది రాయకుండా సగటు పొడవుల పట్టిక ఇచ్చి, దాని కింద గణాంక పరీక్షల అక్షరాలు అలంకరించడం ఎంతో చోట కనిపిస్తుంది. పట్టిక శుద్ధంగానే ఉంటుంది. దాని నుంచి చెట్ల మరణాల గురించి ఏం చెప్పగలమో మాత్రం తెలియదు.

మూడోది, చోటు. దక్షిణాఫ్రికాలో వాన్ హీర్డెన్, వింగ్‌ఫీల్డ్ 2002లో ప్రచురించిన అధ్యయనం క్లోన్ల స్పందన మీద పరిసరాల ప్రభావాన్నే ప్రశ్నగా తీసుకుంది. జన్యురూపానికీ పరిసరానికీ మధ్య పరస్పరచర్య ఉన్నప్పుడు క్లోన్ల వరుసక్రమం చోటును బట్టి మారగలదు. ఒక ఊరి పరీక్షలో మొదటి స్థానంలో నిలిచినది మరో ఊళ్లో మధ్యలోకి జారవచ్చు. ఇంత ముఖ్యమైన ప్రశ్న అడిగిన వ్యాసం తరవాత కూడా ఒకే చోట, ఒకే ఋతువులో, ఒకే ఐసొలేట్‌తో చేసిన పరీక్ష ఆధారంగా ‘ఈ క్లోన్ నిరోధకం’ అని షరతు లేకుండా రాయడం నాకు ఆశ్చర్యం కలిగిస్తుంది. ఒకే ఐసొలేట్ అన్నది చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని ఒకే జాతి శిలీంధ్రంలోనూ కొన్ని నమూనాలు ఉగ్రంగా, కొన్ని మందంగా ఉంటాయి. ప్రయోగశాలలో ఏళ్ల తరబడి అగార్ మీద పెంచినది తన ఉగ్రతను కోల్పోయి ఉండవచ్చు కూడా. దాంతో పరీక్షిస్తే ప్రతి క్లోనూ వీరుడే.

నాలుగోది, కాలం. ఆరు వారాల్లో కొలిచిన పుండు ఆరేళ్ల చెట్టు గురించి ఎంత చెబుతుంది? మన ‘ఇల్లు అలకగానే పండగ కాదు’ అన్న సామెత ఇక్కడికి సరిగ్గా సరిపోతుంది. బోరర్ పరీక్ష వడపోతకు పనికివస్తుంది, బాగా బలహీనమైనవాటిని ఏరివేయడానికి. ప్రమాణపత్రంగా పనికిరాదు.

6. రెండు క్లోన్లు, వేల జన్యువులు

గ్రాండిస్ జన్యుక్రమం 2014లో ‘నేచర్’ పత్రికలో వెలువడింది. ముప్పై ఆరు వేలకు పైగా జన్యువులు. సుగంధ తైలాలకు మూలమైన టర్పీన్లను తయారుచేసే జన్యువులు అప్పటివరకు చూసిన ఏ మొక్కలోనూ లేనన్ని. అప్పటి నుంచి నిరోధకత చర్చ బెరడు నుంచి జన్యువుల అభివ్యక్తికి మళ్లింది. ప్రిటోరియా విశ్వవిద్యాలయంలో సనుష్కా నాయుడు బృందం చేసిన పని ఇందులో ముఖ్యమైనది. టీఏజీ5 అనే కొంత నిరోధకమైన క్లోన్‌ను, జెడ్‌జీ14 అనే బలహీనమైన క్లోన్‌ను తీసుకుని, క్రైసోపోర్తె ఆస్ట్రోఆఫ్రికానా సోకినప్పుడు ఏ జన్యువులు ఎప్పుడు మేల్కొంటాయో చూశారు. సాలిసిలిక్ ఆమ్లపు సంకేత మార్గానికి రక్షణలో పాత్ర ఉందని ఈ అధ్యయనాలు సూచించాయి. శిలీంధ్రం వచ్చిందన్న కబురు చెట్టుకు ఎంత త్వరగా చేరుతుందన్నది ఒక కొలవదగిన ప్రశ్నగా మారడం నిజమైన ముందడుగు.

నా అభ్యంతరం ఆ బృందం మీద కాదు. దాన్ని ఉటంకించేవారి మీద. రెండు క్లోన్ల మధ్య తేడా ఒక్క నిరోధకతలోనే ఉండదు. పెరిగే వేగం, బెరడు మందం, నీటి వాడకం, ఇంకా వేల విషయాల్లో అవి వేరు. బలహీనమైన క్లోన్‌లో పుండు పెద్దదవుతుంది. పెద్ద పుండు వల్లే కొన్ని జన్యువుల అభివ్యక్తి మారవచ్చు. అప్పుడు మనం కారణమని చూస్తున్నది ఫలితం అయ్యే అవకాశం ఉంది. ఈ చిక్కు విప్పాలంటే ఇద్దరు అన్నదమ్ములను పోల్చడం చాలదు, పెద్ద కుటుంబం కావాలి. అంటే ఒక సంకరపు సంతతిలో వందల మొక్కలు తీసుకుని, ఏ క్రోమోజోము ఖండంతో నిరోధకత కలిసి నడుస్తుందో చూడాలి. తుప్పు తెగులు విషయంలో ఈ పని ఫలించింది. జామ మీద 1884లో వర్ణించిన ఆస్ట్రోపక్సీనియా సిడై యూకలిప్టస్‌నూ ఆశిస్తుంది. దాని నిరోధకతలో పీపీఆర్1 అనే ప్రధాన జన్యుస్థానం పాత్రను 2003లో బ్రెజిల్ పరిశోధకులు గ్రాండిస్ కుటుంబాల్లో చూపారు. కాంకర్‌కు ఇలాంటి ఒక్క తాళంచెవి దొరుకుతుందని ఆశించడానికి నాకు ఆధారం కనిపించదు. క్లోన్ల స్పందనలు ఎక్కువ, తక్కువలుగా మెట్లు మెట్లుగా ఉంటాయే తప్ప ఉందా, లేదా అన్నట్టు రెండుగా చీలడం అరుదు. అనేక జన్యువుల చిన్న చిన్న పాత్రలు కలిసినప్పుడు కనిపించే తీరు అది. ‘నిరోధక’, ‘నిరోధకం కాని’ అనే రెండే గడులున్న పట్టిక ఇటువంటి గుణానికి మొదటి నుంచీ సరిపడదు.

7. కేరళ, తెలుగు నేల

భారతదేశంలో కాంకర్ చర్చకు కేరళ ప్రధాన క్షేత్రం. పశ్చిమ కనుమల భారీ వర్షపాతపు తోటల్లో పింక్ డిసీజ్ 1970ల నుంచే పెద్ద సమస్య. కొమ్మల మీద, కాండం మీద గులాబీరంగు పొరలా పరుచుకునే శిలీంధ్రం అది. దాని కింది బెరడు పగిలి, పైభాగం ఎండిపోతుంది. 1985లో పీచిలోని కేరళ అటవీ పరిశోధన సంస్థకు చెందిన శర్మ, మోహనన్, ఫ్లోరెన్స్ క్రైఫోనెక్ట్రియా కాంకర్‌ను కూడా అక్కడ నమోదు చేశారు. ఆ నివేదికను నేటికీ పాత పేరుతోనే ఉటంకించడం మన వ్యాసాల్లో అలవాటు. 2010 విభజన తరవాత, ఆ నమూనాలు ఏ జాతికి చెందినవో అణుస్థాయి పరీక్ష లేకుండా తెలియదన్న ఒక్క వాక్యం చేర్చితే చాలు. ఆ వాక్యం తరచుగా లోపిస్తుంది.

తెలుగు ప్రాంతాలకు కేరళ వాన లేదు. ఖమ్మం, ప్రకాశం, నెల్లూరు ప్రాంతాల జామాయిల్ రైతుకు ఎక్కువగా ఎదురయ్యేది ఎండ, వర్షాభావం, నిస్సారమైన నేల. 1989లో భద్రాచలం కేంద్రంగా కాగితపు పరిశ్రమ ఆధ్వర్యంలో మొదలైన క్లోనల్ కార్యక్రమం ఈ నేలల్లో వచ్చే దిగుబడి తీరునే మార్చింది; 3, 7, 10, 413 వంటి సంఖ్యలను రైతులు వరి రకాల పేర్లంత తేలికగా పలుకుతారు. ఆ విజయం కాదనలేనిది. అయితే పొడి నేలలో కాంకర్ కనిపించని క్లోన్‌ను కాంకర్ నిరోధకమని పిలిస్తే, అది పైన చెప్పిన నాలుగో రకం: తప్పించుకున్నది. ‘చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం’ అంటారు. ఇక్కడ సంఖ్య పేరు చెప్పి నిరోధకతను అమ్ముతున్నారు. 2000 తరవాతి దశకంలో లెప్టోసైబె ఇన్వేసా అనే గాల్ కందిరీగ దక్షిణాది తోటల మీద పడ్డప్పుడు, ఆకు ఈనెలు, కాడలు బొబ్బలెక్కి లేత మొక్కలు గిడసబారినప్పుడు, కొన్ని క్లోన్లు తీవ్రంగా, కొన్ని తక్కువగా నష్టపోయాయి. అది కీటకం, శిలీంధ్రం కాదు. అయినా ఒక సంఖ్య మీద మొత్తం పొలాన్ని పెట్టడం ఎంత ప్రమాదమో రైతుకు తెలియజేసింది అదే.

పొడి నేలలో చూడవలసిన శిలీంధ్రాలు వేరు. బోట్రియోస్ఫేరియేసి కుటుంబానికి చెందిన నియోఫ్యూసికాకమ్ పార్వమ్, లాసియోడిప్లోడియా థియోబ్రొమే వంటివి ఆరోగ్యమైన చెట్టు లోపల ఏ లక్షణమూ చూపకుండా నివసించగలవు. నీటి ఎద్దడి వచ్చి చెట్టు బలహీనపడ్డప్పుడు నివురుగప్పిన నిప్పులా బయటపడి, కాండంపై పుండ్లు, పైకొమ్మల ఎండు తెగులు తెస్తాయి. వీటి విషయంలో నిరోధకత అంటే ఏమిటి? శిలీంధ్రం లోపలే ఉంది. అడ్డుకునే ప్రశ్నే లేదు. ఇక్కడ నిరోధకత దాదాపుగా కరవును తట్టుకునే శక్తికి మారుపేరు. అలాంటప్పుడు బాగా నీరు పెట్టిన నర్సరీ కుండీలో బోరర్ పరీక్ష చేసి ఇచ్చే ఫలితం ఎవరికి ఉపయోగం? పరీక్షలో సగం మొక్కలకు నీరు కట్టివేయాలి. నేలలోని తేమను, ఆకులోని నీటి స్థితిని పుండు కొలతతో పాటే రాయాలి. నరికిన మోడు మీద వచ్చే పిలకలను విడిగా పరీక్షించాలి. కోత గాయం నుంచి శిలీంధ్రం లోపలికి దిగే అవకాశం ఎక్కువ. రైతు రెండో కోత ఆదాయం ఆ పిలకల మీదే ఆధారపడి ఉంటుంది.

మరొక సంగతి మన ప్రాంతానికి ప్రత్యేకమైనది. జామాయిల్ అన్న పేరు పుట్టుక ఏదైనా, జామ, నేరేడు, లవంగం, యూకలిప్టస్ అన్నీ మిర్టేసి కుటుంబపు చెట్లే. నేరేడు, లవంగం ఒకే ప్రజాతి. దక్షిణాఫ్రికాలో క్రైసోపోర్తె ఆస్ట్రోఆఫ్రికానా స్థానిక సైజీజియం చెట్ల మీద కూడా దొరికింది. పరాయి నుంచి తెచ్చి నాటిన యూకలిప్టస్‌కు తెగులు ఊరి చెట్ల నుంచే వచ్చి ఉండవచ్చునన్న వాదానికి అది బలం. మన ఊళ్లలో చెరువు గట్ల మీద, వాగుల వెంట, జామాయిల్ తోటల సరిహద్దుల్లో నేరేడు చెట్లు ఎన్నో. వాటి బెరడు మీద ఏ శిలీంధ్రాలున్నాయి, అవి పక్కనున్న క్లోన్ కాండంలోకి ఎక్కించినప్పుడు ఏం చేస్తాయి అన్నది తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లోనే చేయదగిన పని. బెరడు ముక్కలు, అగార్, జాతిని గుర్తించడానికి డీఎన్ఏ క్రమం చదివించే ఏర్పాటు, వానకాలంలోనూ ఎండాకాలంలోనూ రెండేసి సార్లు తిరిగే ఓపిక కావాలి. అన్నిటికంటే ముందు, ఆ సిద్ధాంతగ్రంథపు శీర్షికలో ‘నిరోధక’ అనే మాట పక్కన శిలీంధ్రం పేరు, ఐసొలేట్ సంఖ్య, పరీక్షించిన మండలం పేరు ఉండాలి.